తొమ్మిది అడుగుల పాఠం

డిగ్రీలో గోల్డ్ మెడల్. చదివిన కాలేజీలోనే లెక్చరర్ ఉద్యోగం. ఇంకేం కావాలి? శామ్యూల్ బెకెట్ మాత్రం రెండేళ్లు నిండకుండానే రాజీనామా చేసేశారు. తనకే సరిగా తెలియనిది ఇంకొకరికి ఎలా చెప్పాలన్నది ఆయన బాధ.

1906లో డబ్లిన్ శివారు ఫాక్స్‌రాక్‌లో పుట్టారు. ట్రినిటీ కాలేజీలో ఫ్రెంచ్, ఇటాలియన్ చదివారు. క్రికెట్‌లోనూ దిట్ట. నార్తాంప్టన్‌షైర్‌పై ఫస్ట్‌క్లాస్ మ్యాచ్‌లు ఆడారు.

ఉద్యోగం వదిలాక అసలు కష్టాలు మొదలయ్యాయి. 1933లో నాన్న చనిపోయారు. గుండెదడ, రాత్రిళ్లు భయం. లండన్‌లో దాదాపు రెండేళ్లు మానసిక చికిత్స తీసుకున్నారు. ‘మర్ఫీ’ నవలను దాదాపు 40 మంది ప్రచురణకర్తలు తిప్పి పంపారు. చివరికి 1938లో అచ్చయింది. యుద్ధకాలంలో ఫ్రాన్స్‌లో నాజీలకు వ్యతిరేకంగా రహస్యంగా పనిచేశారు. తోటివాళ్లు పట్టుబడటంతో రూసియాన్ అనే పల్లెకు పారిపోయి, పొలం పనులు చేస్తూ తలదాచుకున్నారు.

46 ఏళ్ల వయసులో దశ తిరిగింది. 1953 జనవరి 5న పారిస్‌లో ‘వెయిటింగ్ ఫర్ గోడో’ ప్రదర్శించారు. ఇద్దరు దేశదిమ్మరులు ఒకాయన కోసం ఎదురుచూస్తారు. ఆయన రాడు. అంతే కథ! చాలామంది తల పట్టుకున్నారు. 1957లో కాలిఫోర్నియాలోని శాన్ క్వెంటిన్ జైల్లో ఆడితే మాత్రం ఖైదీలు ఇట్టే అందుకున్నారు. ఎదురుచూపంటే ఏమిటో వాళ్లకు ఎవరూ వివరించాల్సిన పని లేదు మరి.

ఆయన నాటకాల్లో మాట ఎంతో, ఒళ్లు అంతే. ‘హ్యాపీ డేస్’లో నాయిక మొదట నడుం దాకా, తర్వాత మెడ దాకా మట్టిలో కూరుకుపోయి ఉంటుంది. ‘నాట్ ఐ’లో వెలుతురు పడేది నోటి మీదే. 1975లో నటి బిల్లీ వైట్‌లా కోసం రాసిన ‘ఫుట్‌ఫాల్స్’లో ఒక స్త్రీ తొమ్మిది అడుగులు వేస్తుంది, తిరుగుతుంది, మళ్లీ తొమ్మిది. దర్శకుడిగా బెకెట్ ప్రతి అడుగునూ, ప్రతి మౌనాన్నీ లెక్కపెట్టి చేయించేవారు.

అందుకే నాటక విద్యార్థులు ఆయన్ని లేచి నిలబడి చదువుతారు. చేతులు కట్టుకుని, తల వంచి, ఆ తొమ్మిది అడుగులు పది నిమిషాలు నడిచి చూడండి. భుజాలు బిగుసుకుంటాయి, ఊపిరి మారుతుంది. ఆ పాత్ర ఒంటరితనం అప్పుడు అర్థమవుతుంది.

1969లో నోబెల్ వరించింది. 1989లో పారిస్‌లో కన్నుమూశారు.

మీ సిలబస్‌లో ‘గోడో’ ఉందా? కాసేపు గైడ్ పక్కన పెట్టండి. ఖాళీ క్లాస్‌రూమ్‌లో ఫ్రెండ్‌తో కలిసి, మౌనాలు వదలకుండా పైకి చదవండి. పరీక్షలో రాయడానికి మీ సొంత మాట దొరుకుతుంది.