స్టెర్లింగ్ హేడెన్: ఓడను ప్రేమించి, తెరను భరించిన నటుడు

1972లో విడుదలైన 'ద గాడ్‌ఫాదర్' చిత్రాన్ని చూసినవారెవరూ అందులోని భోజనశాల సన్నివేశాన్ని మరచిపోలేరు. లంచగొండి పోలీసు కెప్టెన్ మెక్‌క్లస్కీ తాపీగా భోంచేస్తూ ఉంటాడు. ఆల్ పచీనో పోషించిన మైకేల్ మరుగుదొడ్డిలో దాచిన తుపాకీ తీసుకొని వచ్చి, ఎదురుగా కూర్చొని, అతణ్ణి కాల్చి చంపుతాడు. కెప్టెన్ తెరపై కనిపించేది కొద్ది నిమిషాలే. అయినా ఆ భారీ దేహం, కరకు కంఠస్వరం, ఎదుటివారిని పురుగుల్లా చూసే ఆ చూపు మనసులో నిలిచిపోతాయి. ఆ పాత్ర ధరించిన ఆరడుగుల ఐదంగుళాల మనిషి స్టెర్లింగ్ హేడెన్. హాలీవుడ్ మేటి క్యారెక్టర్ నటుల్లో ఒకరైన ఆయన, నటన తన అసలు వృత్తి అని మాత్రం ఏనాడూ మనస్ఫూర్తిగా ఒప్పుకోలేదు.

ఆయన 1916 మార్చి 26న న్యూజెర్సీ రాష్ట్రంలోని అప్పర్ మాంట్‌క్లెయిర్‌లో జన్మించారు. తొమ్మిదేళ్ల వయసులో తండ్రి మరణించారు. తల్లి పునర్వివాహం చేసుకోవడంతో మారుతండ్రి ఇంటిపేరు హేడెన్ ఆయనకు స్థిరపడింది. ఈశాన్య అమెరికా తీరంలోని రేవు పట్టణాల్లో బాల్యం గడిచింది. చదువు మధ్యలోనే మానేసి, మీసాలైనా రాని వయసులో స్కూనర్ ఓడ ఎక్కారు. న్యూఫౌండ్‌లాండ్ సమీపంలోని గ్రాండ్ బ్యాంక్స్ జలాల్లో చేపలవేటకు వెళ్లారు. 'యాంకీ' అనే తెరచాప ఓడలో ప్రపంచాన్ని చుట్టివచ్చారు. 1938లో, 22 ఏళ్ల ప్రాయంలో, 'ఫ్లోరెన్స్ సి. రాబిన్సన్' అనే ఓడకు కెప్టెన్‌గా మసాచుసెట్స్‌లోని గ్లౌస్టర్ నుంచి పసిఫిక్ నడిబొడ్డున ఉన్న తాహితీ దీవికి దానిని చేర్చారు. కాలేజీ గడప తొక్కని యువకుడికి అది సామాన్యమైన ఘనకార్యం కాదు.

అదే ఏడాది గ్లౌస్టర్ జాలరుల ఓడ పందెంలోనూ ఆయన పాల్గొన్నారు. పత్రికల్లో పేరు, ఫొటో వచ్చాయి. ఆ రూపం సినిమావారి కంట పడడానికి ఎంతో కాలం పట్టలేదు. 1940లో పారమౌంట్ సంస్థ ఆయనతో ఒప్పందం కుదుర్చుకుంది. సినిమాల్లోకెల్లా అందగాడని ప్రచారం హోరెత్తించింది. తొలి చిత్రం 'వర్జీనియా' 1941లో వచ్చింది. అందులో కథానాయిక మడలీన్ కారల్‌ను ఆయన మరుసటి ఏడాది వివాహమాడారు. సినిమా జీతం మీద ఆయనకున్న ఆశ ఒక్కటే: సొంత ఓడ కొనుక్కోవడం.

ఇంతలో యుద్ధం వచ్చింది. నటుడన్న గుర్తింపు అడ్డురాకూడదని జాన్ హామిల్టన్ అనే మారుపేరుతో అమెరికా మెరైన్ దళంలో పనిచేశారు. అక్కడి నుంచి యుద్ధకాల గూఢచారి సంస్థ ఓఎస్ఎస్‌కు మారారు. ఇటలీ తూర్పు తీరం నుంచి ఏడ్రియాటిక్ సముద్రం మీదుగా, జర్మన్ల కన్నుగప్పి, యుగొస్లావియా గెరిల్లాలకు ఆయుధాలు, సరుకులు చేరవేయడం ఆయన పని. అందుకు అమెరికా సిల్వర్ స్టార్ పతకం ఇచ్చింది. టిటో ప్రభుత్వమూ సత్కరించింది. కమ్యూనిస్టులైన ఆ గెరిల్లాల తెగువ ఆయనను కదిలించింది. స్వదేశానికి తిరిగివచ్చాక, 1946లో కమ్యూనిస్టు పార్టీలో చేరారు. కొద్ది నెలలకే బయటికి వచ్చేశారు. ఆ కొద్ది నెలలు ఆయనను జీవితాంతం వెంటాడాయి.

1950లో జాన్ హ్యూస్టన్ తీసిన 'ది ఆస్ఫాల్ట్ జంగిల్' చిత్రంతో నటుడిగా ఆయనకు తొలిసారి నిజమైన గౌరవం దక్కింది. పోగొట్టుకున్న పల్లెటూరి గుర్రాల క్షేత్రాన్ని తిరిగి కొనాలని కలలుగనే దొంగ డిక్స్ పాత్ర అది. పరాయి చోట చిక్కుకుని ఇంటికోసం తపించే మనిషిగా నటించడానికి హేడెన్ ప్రత్యేకంగా శ్రమపడవలసిన అవసరం కనిపించదు. అయితే అప్పటికే హాలీవుడ్‌లో భయం రాజ్యమేలుతోంది. 'అమెరికా వ్యతిరేక కార్యకలాపాలపై' ప్రతినిధుల సభ నియమించిన విచారణ సంఘం, చిత్రపరిశ్రమలోని కమ్యూనిస్టుల జాడ తీస్తోంది. సమాధానం చెప్పనందుకు పదిమంది రచయితలు, దర్శకులు జైలుపాలయ్యారు. 1951 ఏప్రిల్ 10న హేడెన్ వాషింగ్టన్‌లో ఆ సంఘం ముందు హాజరయ్యారు. తన సభ్యత్వాన్ని అంగీకరించారు. అంతటితో ఆగక, తనతోపాటు సమావేశాల్లో ఉన్నవారి పేర్లూ చెప్పారు. అందులో నటి కారెన్ మోర్లీ పేరు ఒకటి. ప్రశ్నలకు బదులివ్వడానికి నిరాకరించిన ఆమెకు సినిమా తలుపులు మూసుకుపోయాయి. పేర్లు చెప్పిన హేడెన్‌కు అవకాశాలు వరుస కట్టాయి.

శత్రువు తుపాకుల మధ్య వెరవని మనిషి, సూటూ బూటూ వేసుకున్న రాజకీయనేతల ముందు ఎందుకు లొంగిపోయారు? సమకాలికులు కొందరు ఆయనను క్షమించలేదు. వారికంటే ఎక్కువగా ఆయన తననే క్షమించుకోలేదు.

ఆ తర్వాతి చిత్రాలను చూస్తే విధి విచిత్రంగా తోస్తుంది. 1954 నాటి 'జానీ గిటార్'లో ఊరి పెద్దలంతా ఒక్కటై ఒక యువకుణ్ణి బెదిరించి తోటివారి మీద నేరం మోపేలా చేస్తారు. ఆ చిత్రాన్ని నాటి విచారణలకు ప్రతిబింబంగా విమర్శకులు చదువుతారు. నాయకుడు హేడెన్. 1956లో స్టాన్లీ కూబ్రిక్ తీసిన 'ద కిల్లింగ్' ఆయనకు మరో మంచి చిత్రం. 1958లో 'టెర్రర్ ఇన్ ఎ టెక్సస్ టౌన్'లో తిమింగల వేటగాడి బల్లెంతో తుపాకీవీరుణ్ణి ఎదుర్కొన్నారు. దాని రచన వెనుక, పేరు బయటపెట్టుకోలేక, నల్లజాబితాలోని డాల్టన్ ట్రంబో ఉన్నారు.

తర్వాత ఆయన తెరకు వీపు చూపారు. రెండో భార్యతో విడాకులయ్యాక నలుగురు పిల్లలు ఆయన సంరక్షణలో ఉన్నారు. 1959లో, ప్రయాణం వద్దన్న న్యాయస్థానం ఉత్తర్వును ధిక్కరించి, ఆ పిల్లలను 'వాండరర్' అనే పాత స్కూనర్‌లో ఎక్కించుకొని తాహితీకి బయలుదేరారు. స్వేచ్ఛ అనాలా, మొండితనం అనాలా? రెండూ కావచ్చు. తిరిగివచ్చాక సాసలీటో రేవులో కట్టివేసిన 'బర్క్‌లీ' అనే పాత ఫెర్రీ పడవలోని చుక్కాని గదిని అద్దెకు తీసుకొని, ఆత్మకథ రాశారు. 1963లో వెలువడిన ఆ గ్రంథానికి ఓడ పేరే పెట్టారు. 1951 నాటి తన వాంగ్మూలాన్ని అందులో నిర్దాక్షిణ్యంగా నిలదీశారు. సినిమా మనిషి తన గొప్పలు చెప్పుకోవడానికి రాసిన పుస్తకం కాదది.

కూబ్రిక్ మళ్లీ పిలిచారు. 1964 నాటి 'డాక్టర్ స్ట్రేంజ్‌లవ్'లో, తాగునీటిలో ఫ్లోరైడ్ కలపడం కమ్యూనిస్టుల కుట్రేనని నమ్మి అణుయుద్ధానికి తెరతీసే జనరల్ రిప్పర్ పాత్ర ఇచ్చారు. ఏళ్ల తరబడి కెమెరా ముందుకు రాని హేడెన్ మొదటిరోజు సంభాషణలు గుర్తురాక తడబడ్డారు. పదే పదే చిత్రీకరించవలసి వచ్చింది. చివరికి తెరపై కనిపించే మనిషిలో ఆ తడబాటు ఛాయ కూడా లేదు. నోట్లో చుట్ట, రాయిలాంటి ముఖం, ఉన్మాదాన్ని సాధారణ వాస్తవంలా చెప్పే ప్రశాంతత. ఎర్రభయానికి ఒకప్పుడు తలవంచిన మనిషి, ఆ భయాన్నే ఇంతకంటే ఎగతాళి చేయలేరనిపిస్తుంది.

అటుపై వయసు మీద పడిన, గడ్డం పెరిగిన పాత్రలే ఎక్కువ. రాబర్ట్ ఆల్ట్‌మన్ 'ద లాంగ్ గుడ్‌బై'లో తాగుడుకు బానిసైన రచయితగా, బెర్టొలూచీ '1900'లో ఇటలీ రైతు కుటుంబ పెద్దగా నటించారు. మద్యం ఆయన నిజజీవితాన్నీ పట్టి పీడించింది. 1976లో 'వాయేజ్' అనే పెద్ద నవల ప్రచురించారు. కథ నడిచేది 1896లో. మలివయసులో చాలాకాలం ఐరోపా కాలువల్లో పడవ మీద కాపురం ఉన్నారు. జర్మన్ దర్శకులు ఆ పడవ మీదే ఆయనను చిత్రీకరించిన డాక్యుమెంటరీ 1983లో వచ్చింది.

ప్రొస్టేట్ క్యాన్సర్‌తో 1986 మే 23న సాసలీటోలో, 70వ ఏట హేడెన్ కన్నుమూశారు. పిల్లలతో తాహితీకి వెళ్లివచ్చాక ఆయన ఆత్మకథ రాసిన రేవు పట్టణం అదే.