మరియన్ స్మోలుకోవ్‌స్కీ

వానలు పడితే మన మాయాబందర్ దగ్గరి మడ అడవుల కాలువలు బురదనీటితో పారుతాయి. ఆ నీటికి సముద్రపు ఉప్పు తగలగానే సన్నని మట్టి రేణువులు ఒకదానికొకటి అంటుకుని, బరువెక్కి అడుగుకు దిగుతాయి. నీటిలో తిరిగే రేణువులు ఎంత వేగంగా కలుసుకుంటాయో లెక్కగట్టిన శాస్త్రవేత్త మరియన్ స్మోలుకోవ్‌స్కీ.

ఆయన 1872 మే 28న వియన్నా సమీపంలో ఒక పోలిష్ కుటుంబంలో జన్మించారు. వియన్నాలో చదివి, ల్వోవ్‌లోను, 1913 నుంచి క్రాకోలోను ఆచార్యులుగా పనిచేశారు. కొండలెక్కడమంటే ఆయనకు ఎంతో ఇష్టం.

నీటి అణువులు అన్ని వైపుల నుంచీ ఢీకొట్టడం వల్ల సూక్ష్మ రేణువులు ఆగకుండా కదులుతాయి. ఈ బ్రౌనియన్ చలనాన్ని ఐన్‌స్టీన్ 1905లో, స్మోలుకోవ్‌స్కీ 1906లో విడివిడిగా వివరించారు.

బంగారు రేణువుల ద్రావణాలపై ప్రయోగాలు చేస్తున్న జిగ్‌మోండీ వాటికి ఒక సిద్ధాంతం కావాలని ఆయనను కోరారు. స్మోలుకోవ్‌స్కీ ఒక రేణువు కదలకుండా ఉందని ఊహించారు. మిగిలినవి తిరుగుతూ వచ్చి దాన్ని తాకగానే అంటుకుంటాయి. వ్యాపన గుణకం, తాకే దూరం, గాఢత ఎన్ని రెట్లు పెరిగితే కలయిక వేగమూ అన్ని రెట్లు పెరుగుతుందని తేల్చారు.

ఈ సిద్ధాంతం 1917లో వెలువడింది. అదే ఏడాది విశ్వవిద్యాలయ రెక్టరుగా ఎన్నికైన ఆయన, సెప్టెంబరు 5న రక్తవిరేచనాలతో 45 ఏళ్లకే కన్నుమూశారు. కలిసిన వెంటనే చర్య జరిపే అణువులకూ అదే లెక్క సరిపోతుందని తరువాతి రసాయన శాస్త్రవేత్తలు గ్రహించారు. ఈసారి కాలువ సముద్రంలో కలిసేచోట నిలబడినప్పుడు ఆయనను ఒక్కసారి తలచుకుందాం.