పర్వదినముల స్వరకర్త: సెబాస్టియన్ బాఖ్

ఐరోపా సంగీతచరిత్రలో సుమారు 1600 మొదలు 1750 వరకు గల కాలమునకు బరోక్ యుగమని పేరు. ఆ యుగము ముగిసినదని చరిత్రకారులు చెప్పుకొను 1750వ సంవత్సరమే జొహాన్ సెబాస్టియన్ బాఖ్ కన్నుమూసిన సంవత్సరము. నేడు సంగీతలోకము శిరసు వంచి నమస్కరించు ఈ మహనీయుడు జీవితమంతయు జీతముపై పనిచేసిన ఉద్యోగి. ఆయన రచనలలో పెక్కు పండుగల పట్టిక ముందుంచుకొని, గడువులోపల ముగించిన పనులు.

బాఖ్ 1685 మార్చి 21న జర్మనీలోని ఐసెనాఖ్ పట్టణమున జన్మించెను. తరతరములుగా సంగీతమే ఆ యింటి వృత్తి. పదేండ్లు నిండకమునుపే తల్లియు తండ్రియు గతింపగా పెద్దన్నగారి యింట పెరిగెను. పదునెనిమిదవ యేట ఆర్న్‌స్టాట్‌లో ఒక చర్చికి ఆర్గన్ వాద్యకారుడుగా కుదిరెను.

1705లో ఆయన నాలుగు వారములు సెలవు పుచ్చుకొని సుమారు 400 కిలోమీటర్ల దూరమున నున్న ల్యూబెక్ నగరమునకు కాలినడకను పోయెను. అచ్చట వృద్ధుడైన బుక్స్‌టెహూడె క్రిస్మసుకు ముందు వచ్చు ఆదివారముల సాయంవేళ సంగీతసభలు నడుపుచుండెను. వానిని విని, నేర్వదగినది నేర్చి, తిరిగి వచ్చుసరికి నాలుగు మాసములు కావచ్చెను. అధికారులు సంజాయిషీ కోరిరి. సెలవు పొడిగింపునకు అర్జీ పెట్టని ఉద్యోగికి ఏ దేశమందైనను జరుగు మర్యాదయే యిది! 1717లో వైమార్ ప్రభువు కొలువు విడిచి పోనిమ్మని పట్టుబట్టినందులకు దాదాపు నాలుగు వారములు నిర్బంధమున నుండవలసి వచ్చెను. పిమ్మట చేరిన కెథెన్ సంస్థానమున కొన్నాళ్లు సుఖముగా గడచినవి. కాని 1720లో ప్రభువుతోకూడ ఊరు వెళ్లి తిరిగివచ్చునప్పటికి భార్య మరణించి, అంత్యక్రియలు సైతము ముగిసియుండెను. మరుసటి సంవత్సరము గాయని అన్నా మగ్దలేనాను వివాహమాడెను.

1723లో లైప్‌జిగ్ నగరసభ ఆయనకు సెయింట్ థామస్ పాఠశాల సంగీతాధ్యక్షపదవి నిచ్చెను. మొదట టెలిమాన్‌ను, తరువాత గ్రౌప్నర్‌ను కోరి, వారిరువురు రాకపోవుటచేతనే బాఖ్‌ను తీసుకొనిరి. ప్రతి ఆదివారమునకును, ప్రతి పండుగకును ఒక కాంటాట నడుపవలెను. కాంటాట యనగా ఆనాటి వేదపాఠమును అనుసరించి బృందగానము, ఏకగానము, వాద్యములు కలిపి కూర్చిన అరగంట కచ్చేరి. ఏటికి సుమారు అరువది కావలెను. మొదటి సంవత్సరములలో వీనిలో పెక్కు ఆయన క్రొత్తగా వ్రాసినవే. వారమంతయు రచన, సిరా ఆరకముందే శిష్యులును కుటుంబమువారును గాయకులకు, వాద్యకారులకు ప్రతులు వ్రాసియిచ్చుట, ఆదివారమున గానము. తిరుమలలో అన్నమాచార్యుడు దినమునకొక సంకీర్తన రచించెనను ఐతిహ్యము నెరిగిన తెలుగువారికి ఈ దీక్ష కొత్త గాదు.

ఈస్టరుకు ముందటి ఉపవాసదినములలో మాత్రము లైప్‌జిగ్ చర్చీలందు కాంటాటలు దాదాపు వినబడవు. ఆ మౌనమే ఆయనకు దొరకిన విరామము. గుడ్ ఫ్రైడే నాడు పాడు మహారచనలకు ఆ వారములే అక్కరకు వచ్చినవి. 1724లో సెయింట్ జాన్ పాషన్, 1727లో సెయింట్ మాథ్యూ పాషన్ అట్లు వెలువడినవి. 1734 డిసెంబరు 25 మొదలు 1735 జనవరి 6 వరకు ఆరు పర్వదినములలో ఒక్కొక్క భాగముగా పాడించిన క్రిస్మస్ ఆరటోరియో మన ధనుర్మాసపు రోజులలోనిది. తొలినాడు బాకాలు, భేరులు. మలినాడు గొల్లల రాత్రికై వేణువులు, ఓబోలు. అందలి సంగీతములో కొంత అంతకుముందు రాజకుటుంబపు జన్మదినములకు కట్టినదే. బాఖ్ మంచి బాణీని ఒక్కనాటితో పోనిచ్చువాడు కాడు.

ఇంత చేసినను అధికారులకు తృప్తి లేదు. 1730లో ఆయన పనియందు అలసత్వము చూపుచున్నాడని నిందించి, రాబడి తగ్గింపజూచిరి. ఆయనయు ఊరకుండలేదు. సమర్థులైన గాయకులు, వాద్యకారులు ఎందరు కావలెనో లెక్కగట్టి నగరసభకు విజ్ఞాపన మర్పించెను. అదే యేట మిత్రునికి వ్రాసిన లేఖలో తన బాధ చెప్పుకొనెను. ఏటి రాబడి సుమారు 700 టాలర్లు. అందు కొంత శవయాత్రల సంగీతమునకు వచ్చు రుసుము. ఊరిలో ఆరోగ్యము బాగుండిన సంవత్సరము ఆ రుసుము పడిపోవును! ఇరువదిమంది సంతానములో పదిమందిని మాత్రమే పెంచి పెద్దచేయగలిగిన తండ్రికి ఇది పరిహాసము కాదు. అయినను చనిపోవువరకు ఆ కొలువు విడువలేదు.

1750లో కండ్లకు రెండు శస్త్రచికిత్సలు జరిగినను చూపు రాలేదు. జులై 28న మరణించెను. సమాధిపై పేరైనను చెక్కలేదు. అన్నా మగ్దలేనా పదేండ్లు దానధర్మములపై బ్రతికి 1760లో గతించెను. వ్రాతప్రతులను కుమారులు పంచుకొనిరి. పెద్దకుమారుడు ఇబ్బందులపాలై తన వంతులో కొన్ని అమ్ముకొనెను. అన్నమయ్య పాటలకు రాగిరేకులు దొరకినవి, బాఖ్ పాటలకు కాగితమే దిక్కయ్యెను. నేటికి మిగిలిన చర్చి కాంటాటలు సుమారు 200.

1829 మార్చి 11న ఇరువదియేండ్ల మెండెల్‌సన్ బెర్లిన్‌లో సెయింట్ మాథ్యూ పాషన్‌ను మరల పాడించెను. చోటు చాలక పలువురు వెనుదిరుగుటచే, పది దినములకు, బాఖ్ జన్మదినమైన మార్చి 21న, దానిని తిరిగి ప్రదర్శించిరి.