ఆబిడ్స్ చివర ఆ 'స్' ఎవరిది?

మన స్కూల్ బస్సులు తిరిగే దారుల్లో చాలా పేర్లు ఒకప్పుడు అక్కడున్న వాటివే. లక్డీకాపూల్ అంటే కట్టె వంతెన. ఇప్పుడక్కడ కట్టె వంతెన లేదు. గన్‌ఫౌండ్రీలో ఫిరంగులు పోతపోయరు. కోఠీలో బ్రిటిష్ రెసిడెంట్ లేడు, ఆయన బంగళా తర్వాత మహిళా కాలేజీ అయింది. పేరు పెట్టిన వస్తువు పోయినా పేరు మాత్రం బస్సు బోర్డు మీద అలాగే ఉంటుంది.

వీటన్నిటిలో ఇంగ్లిష్ క్లాసుకు బాగా పనికొచ్చే పేరు ఆబిడ్స్. ఆ పేరు చివర ఉన్న 'స్' ఏమిటని అడిగితే పిల్లలు ఠక్కున బహువచనం అంటారు. కాదు. అది షష్ఠీ విభక్తి. ఆబిద్ యొక్క అని అర్థం. ఆబిద్ యొక్క ఏమిటి? షాపు. జనం నోట్లో నలిగి నలిగి ముందు షాపు అన్న మాట పోయింది, తర్వాత రాతలో అపాస్ట్రఫీ పోయింది. మిగిలిన ఆ ఒక్క అక్షరం వెనక ఒక మనిషి ఉన్నాడు. ఈ నెల ఆయన కథ చెప్పుకుందాం.

కొలువులో ఆబిద్

ఆల్బర్ట్ ఆబిద్ ఆర్మీనియన్. ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ దగ్గర ఆంతరంగిక సేవకుడిగా పనిచేశాడు. ఇంగ్లిష్‌లో వేలెట్ అంటారు. ప్రభువు ఏ పూట ఏం వేసుకోవాలి, దానికి తగిన బూట్లు ఏవి, గుండీలు ఏవి, గడియారం ఏది అన్నది చూసుకునే పని. వినడానికి చిన్న ఉద్యోగమే. ఆ ప్రభువు ఎవరో తెలిస్తే అలా అనిపించదు.

మహబూబ్ అలీ ఖాన్ 1866లో పుట్టారు. 1869లో గద్దెనెక్కేనాటికి ఆయనకు మూడేళ్లు కూడా నిండలేదు. పెద్దయ్యే దాకా రాజ్యభారం మొదటి సాలార్‌జంగ్ వంటి పెద్దల చేతుల్లో ఉంది. 1884లో వైస్రాయ్ లార్డ్ రిపన్ స్వయంగా హైదరాబాద్ వచ్చి పూర్తి అధికారం అప్పగించారు. నిజాముల్లో పాశ్చాత్య పద్ధతి చదువు చదివిన మొదటివారు ఈయనే. ఇంగ్లిష్ ట్యూటర్ల చేతుల్లో పెరిగిన కుర్రాడికి ఇంగ్లిష్ దుస్తుల మీద, విదేశీ వస్తువుల మీద ఇష్టం పెరగడంలో ఆశ్చర్యం లేదు.

ఆ ఇష్టం ఎంతటిదో కళ్లతో చూడాలంటే పురానీ హవేలీకి వెళ్లాలి. అక్కడి నిజాం మ్యూజియంలో ఆయన బట్టల బీరువా ఉంది. బీరువా అన్నది అలవాటు కొద్దీ వాడిన మాట. అది భవనంలో ఒక పక్క పొడవునా సాగిన రెండంతస్తుల చెక్క అల్మారాల వరస. పై అంతస్తుకు వెళ్లడానికి చేత్తో తిప్పే చెక్క లిఫ్టు కూడా ఉంది. వేసిన జత మళ్లీ వేసేవారు కాదని నగరంలో ఇప్పటికీ చెప్పుకుంటారు.

ఇలాంటి ప్రభువు దగ్గర వేలెట్ అంటే ఒక పెద్ద స్టోరు మేనేజర్ లాంటివాడు. ఏ సరుకు ఎక్కడ దొరుకుతుంది, ఎంతకు దొరుకుతుంది, ఏది అసలు, ఏది నకిలీ అన్నీ తెలిసి ఉండాలి. అన్నిటికన్నా ముఖ్యంగా, ప్రభువుకు ఏది నచ్చుతుందో ఆయన అడగకముందే తెలియాలి. ఆబిద్ ఈ విద్యలో ఆరితేరాడు. ఆ విద్యతోనే షాపు పెట్టాడు.

షాపులో ఆబిద్

ఆబిద్ అండ్ కంపెనీ వెలిసిన చోటు చూడండి. ఒకవైపు కోఠీలో రెసిడెన్సీ, దాని చుట్టూ బజార్లు. ఇంకోవైపు సెయింట్ జార్జ్ చర్చి, స్కూలు. అంటే ఇంగ్లిష్ సరుకు కొనే కుటుంబాలు నడిచి వచ్చేంత దూరంలోనే ఉన్నాయి. మూసీ దాటి వచ్చే నవాబుల బగ్గీలకూ అది దారే. 1874లో వాడి నుంచి సికింద్రాబాద్‌కు రైలు మార్గం పడడంతో బొంబాయి రేవులో దిగిన సరుకు హైదరాబాద్ రావడం తేలికైంది. తర్వాత 1907లో నాంపల్లి స్టేషన్ కూడా వచ్చింది. ఆ షాపు ఉన్న చోటే తర్వాత ప్యాలెస్ టాకీస్ కట్టారని పాత హైదరాబాదీలు చెబుతారు.

అదే కాలంలో ప్రపంచమంతా పెద్ద షాపుల రోజులు. పారిస్‌లో బాన్ మార్షే అనే షాపు ఒక కొత్త పద్ధతిని జనానికి అలవాటు చేసింది. ఎవరైనా లోపలికి రావచ్చు, అన్నీ చూడవచ్చు, కొనకుండా వెళ్లిపోవచ్చు. ప్రతి వస్తువుకూ ఒకటే ధర, బేరం లేదు. ఒకే కప్పు కింద బట్టలు, బూట్లు, ఇంటి సామాను. మన దేశంలో మద్రాసులో స్పెన్సర్, కలకత్తాలో వైట్‌అవే లెయిడ్‌లా ఆ దారిలోనే పెరిగాయి. హైదరాబాద్‌లో ఆ ముచ్చట తీర్చినది ఆబిద్ షాపు.

దాని అతి పెద్ద ఖాతాదారు మాత్రం ధర చీటీ వైపు చూసే మనిషి కాదు. మహబూబ్ అలీ పాషా షాపుకు వస్తే ఏదీ అడగనక్కర్లేదట. ఆయన చూపు ఏ వస్తువు మీద ఒక క్షణం ఆగితే ఆ వస్తువు ప్యాలెస్‌కు వెళ్లిపోయేదట. బిల్లు తర్వాత వెళ్లేది. ఆయన వాడి వదిలేసిన వస్తువులు ఆబిద్ చేతికి వచ్చేవని, వాటిలో కొన్ని మళ్లీ షాపు మెట్లెక్కి పాషా గారికే అమ్ముడుపోయేవని కూడా చెప్పుకుంటారు. ఇది పుట్టించిన మాటే అయినా, పుట్టడానికి కారణం ఉంది. ప్రభువు కోసం ఎంచే మనిషి, ప్రభువుకు అమ్మే మనిషి ఒక్కరే అయినప్పుడు జనానికి అనుమానం రాకుండా ఎలా ఉంటుంది?

వజ్రం బేరంలో ఆబిద్

ఆ అనుమానం 1891లో కోర్టు దాకా వెళ్లింది.

సిమ్లాలో అలెగ్జాండర్ మాల్కమ్ జేకబ్ అనే నగల వ్యాపారి ఉండేవాడు. 184.75 కేరట్ల వజ్రం ఒకటి తెప్పించి నిజాంకు అమ్ముతానన్నాడు. అటు జేకబ్‌కూ ఇటు నిజాంకూ మధ్య మాట మోసిన రాయబారి మన ఆబిద్. పాషా లక్షల రూపాయలు ముందే కట్టారు. తీరా వజ్రం చేతికి వచ్చాక వద్దన్నారు. ఖజానా పరిస్థితి బాగాలేనప్పుడు ఇంత ఖర్చు రెసిడెంట్‌కూ నచ్చలేదు. కట్టిన డబ్బు వెనక్కి రాలేదు. కలకత్తా హైకోర్టులో కేసు నడిచింది. ఒక పాలకుడు తన కొనుగోలు గురించి కమిషన్ ముందు సాక్ష్యం చెప్పాల్సి వచ్చింది. జేకబ్ నిర్దోషిగా బయటపడ్డాడు కానీ వ్యాపారం మళ్లీ లేవలేదు. 1921లో బొంబాయిలో పేదవాడిగా చనిపోయాడు.

చివరికి వజ్రం నిజాం దగ్గరే ఉండిపోయింది. పాషాకు దాని ముఖం చూడబుద్ధి కాలేదు. తర్వాతి కాలంలో ఏడో నిజాంకు అది తండ్రి బూటు ముందు భాగంలో దొరికిందని, కాగితాలు ఎగరకుండా బరువుగా వాడుకున్నారని అంటారు. 1995లో భారత ప్రభుత్వం నిజాం నగలను 218 కోట్ల రూపాయలకు కొన్నప్పుడు అందులో ఈ జేకబ్ వజ్రం కూడా ఉంది.

ఈ కథలో ఒక విషయం గమనించండి. పాషా అమాయకుడు కాదు, మనసు లేని మనిషీ కాదు. 1908లో మూసీ పొంగి నగరం మునిగినప్పుడు ప్యాలెస్‌ల తలుపులు తెరిపించి జనానికి నీడ ఇచ్చినవారు ఆయనే. 1911లో ఆయన పోయినప్పుడు నగరం నిజంగా ఏడ్చింది. అంతటివారికి కూడా తనకు నిజంగా ఏది కావాలి, ఏది ఎదురుగా పెట్టారు కాబట్టి కావాలనిపిస్తోంది అన్న తేడా తెలియలేదు. మూడేళ్లు నిండకముందు నుంచి చూసిందల్లా చేతికి అందుతూ వస్తే ఎవరికి మాత్రం తెలుస్తుంది?

మన ఇళ్లలో ఆబిద్

ఆబిద్‌ను తప్పుపట్టడం తేలిక. ఆయన పనితనాన్ని మెచ్చుకోవడం కూడా అవసరం. ఒక సేవకుడు తనకు తెలిసిన వస్తు జ్ఞానంతో సొంతంగా నిలబడి, ఒక నగరం నడిబొడ్డుకు తన పేరు మిగిల్చి వెళ్లాడు. పాత పెద్ద షాపులను తలుచుకుని అమ్మమ్మలు, తాతయ్యలు బాధపడేది కూడా ఆ జ్ఞానం కోసమే. కౌంటర్ వెనక మనిషికి గుడ్డ పట్టుకుంటే నాణ్యత తెలిసేది. బాబు పాదం చూస్తే బూటు సైజు తెలిసేది. ఇది మీకు వద్దండీ, ఉతికితే రంగు పోతుంది అని చెప్పి అమ్మకం వదులుకునే సేల్స్‌మన్ కూడా ఉండేవాడు. అతని జీతం వేరు, మన అవసరం వేరు. అందుకే ఆ మాట మీద నమ్మకం ఉండేది.

ఇవాళ మన పిల్లల చేతిలో ఉన్న ఫోన్ ఆ సేల్స్‌మన్ కాదు. అది ఆబిద్. వాళ్ల చూపు ఎక్కడ ఆగిందో దానికి తెలుసు. మర్నాడు అదే వస్తువు మళ్లీ ముందుకు తెస్తుంది. వాళ్ల కోసం ఎంచేదీ అదే, వాళ్లకు అమ్మేదీ అదే. నిజాం పక్కన అలాంటివాడు ఒక్కడే ఉన్నాడు. మన ఇళ్లలో గదికొకడు ఉన్నాడు.

పిల్లలను బజారుకు దూరం పెట్టడం దీనికి మందు కాదు. బజారు చూపించడమే మందు. ఒక ఆదివారం వాళ్లను ఆబిడ్స్ తీసుకెళ్లండి. లక్డీకాపూల్ నుంచి అసెంబ్లీ, పబ్లిక్ గార్డెన్స్, నాంపల్లి దాటితే వచ్చేస్తుంది. ఆదివారాలు షాపులు మూసి ఉన్నప్పుడు ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు పరుస్తారు. వంద రూపాయలు పిల్లల చేతిలో పెట్టి మూడు షరతులు చెప్పండి. ప్రతిదాని ధర అడగాలి. మూడు చోట్ల చూశాకే కొనాలి. కొన్నాక ఎందుకు కొన్నావో ఒక్క వాక్యంలో చెప్పాలి. ఇంగ్లిష్‌లో చెబితే నాకు మరింత సంతోషం, తెలుగులో చెప్పినా మార్కులు తగ్గవు. వీలుంటే మరో రోజు పురానీ హవేలీ బీరువా కూడా చూపించండి. శుక్రవారం మాత్రం మ్యూజియం మూసి ఉంటుంది.

అంత బీరువా చూశాక పిల్లలు తప్పకుండా ఒక ప్రశ్న అడుగుతారు. ఇన్ని బట్టల్లో ఆయనకు బాగా ఇష్టమైన చొక్కా ఏది అని. జవాబు మీరు చెప్పకండి. మన బీరువాలో నీకు ఇష్టమైన చొక్కా ఏది, దాని ధర ఎంత అని తిరిగి అడగండి.