కంటిలోని నీటిని కాపు కాసిన డాక్టరు – ఛార్లెస్ కెల్మన్

వెనకటి రోజుల్లో మన ఇళ్ళల్లో పెద్దవాళ్ళకి కంటికి శుక్లం వస్తే, అది బాగా ముదిరేదాకా ఆగమనేవారు. ముదిరాక ఆపరేషను. ఆ తరువాత తల కదల్చకుండా రోజుల తరబడి పడక, కళ్ళకి కట్టు, ఆపైన సోడాబుడ్డి అద్దాల కళ్ళజోడు. ఈనాడు పొద్దున వెళ్ళి ఆపరేషను చేయించుకుని సాయంత్రానికి ఇంటికి వచ్చేస్తున్నారు. ఈ మార్పుకు ఆద్యుడు అమెరికన్ నేత్రవైద్యుడు ఛార్లెస్ కెల్మన్. ఆయన గురించి చెప్పేవాళ్ళంతా పంటి డాక్టరు దగ్గర తట్టిన ఆలోచన చెప్పి ఊరుకుంటారు. నిజానికి ఆయనను ఏళ్ళ తరబడి ఏడిపించింది ఆలోచన కాదు, నీళ్ళు!

కెల్మన్ 1930 మే 23న న్యూయార్కు నగరంలోని బ్రూక్లిన్‌లో పుట్టాడు. చిన్ననాటి నుంచీ శాక్సఫోన్ అంటే ప్రాణం. చదువు మాత్రం వైద్యం వైపు నడిచింది. స్విట్జర్లాండులోని జెనీవా విశ్వవిద్యాలయంలో డాక్టరు పట్టా పుచ్చుకుని, ఫిలడెల్ఫియాలోని విల్స్ కంటి ఆసుపత్రిలో శిక్షణ పొంది, న్యూయార్కులో ప్రాక్టీసు పెట్టాడు.

ఆ కాలంలో కంటిని సుమారు 10 మిల్లీమీటర్ల పైన కోసి, మసకబారిన కటకాన్ని ముక్క కాకుండా మొత్తంగా బయటికి తీసేవారు. గాయం పెద్దది కాబట్టి మానడానికి రోజులు పట్టేది. చిన్న రంధ్రం చేసి, కటకాన్ని లోపలే చితక్కొట్టి, పీల్చేస్తే ఎలా ఉంటుందని కెల్మన్ ఆలోచించాడు. హార్ట్‌ఫర్డ్ ఫౌండేషను డబ్బిచ్చింది. తిరిగే బ్లేళ్ళు, సన్నటి డ్రిల్లులు, ఎన్నో ప్రయత్నించాడు. ఒక్కటీ ఫలించలేదు. చేతిలో డబ్బు, గడువు రెండూ కరిగిపోతున్న తరుణంలో పళ్ళు శుభ్రం చేయించుకోవడానికి పంటి డాక్టరు దగ్గరికి వెళ్ళాడు. అతిధ్వని వేగంతో కంపించే సన్నటి పనిముట్టు పంటి గారను రాలగొడుతున్నది, పన్ను మాత్రం కదలడం లేదు. తనకు కావలసింది అదేనని ఆయనకు తట్టింది. ఆ యంత్రాన్ని తయారుచేసే కావిట్రాన్ కంపెనీ ఇంజనీరు ఆంటన్ బాంకోతో చేతులు కలిపాడు.

సెకనుకు దాదాపు 40,000 సార్లు కంపించే బోలు సూది కటకాన్ని బాగానే చితక్కొట్టింది. అసలు చిక్కు అక్కడే మొదలైంది. కార్నియాకూ కటకానికీ నడుమ ఉన్న చిన్న గదిలో పట్టేది పావు మిల్లీలీటరు నీరు మాత్రమే. సూది ముక్కల్ని పీలుస్తుంటే నీరు కూడా పోతుంది. పోయినంత నీరు వెంటనే లోపలికి రాకపోతే గది కూలి, కార్నియా వచ్చి సూదికి తగులుతుంది. కార్నియా లోపలి కణాలు ఒకసారి పోతే మళ్ళీ పుట్టవు. చూపు బాగుచెయ్యబోయి కంటినే మసకబార్చినట్టు అవుతుందన్నమాట. పైగా కంపించే సూది వేడెక్కుతుంది కూడా. అందుకని సూది చుట్టూ ఒక తొడుగు వేసి, పైన వేలాడదీసిన సీసా నుంచి ఆ తొడుగులోగుండా నీరు పంపారు. అది గదిని నింపుతుంది, సూదిని చల్లబరుస్తుంది. చెరువుకి వచ్చే నీరూ తూము వదిలే నీరూ సరిసమానంగా ఉండాలన్న లెక్కే ఇది.

ఇంతటితో అయిపోలేదు. కొబ్బరిబొండంలో గొట్టం పెట్టి తాగేటప్పుడు లేత కొబ్బరి ముక్క అడ్డుపడడం మనకందరికీ అనుభవమే. గట్టిగా పీలుస్తాం, పీలుస్తాం. ముక్క ఊడగానే నీళ్ళు ఒక్కసారిగా గొంతులోకి దూకి పొలమారుతుంది. సూది మొనకు కటకం ముక్క అడ్డుపడ్డప్పుడు జరిగేదీ ఇదే. పంపు లాగుతూనే ఉంటుంది కాబట్టి గొట్టంలో చూషణ పెరిగిపోతుంది. అడ్డు తొలగిన క్షణంలో కంటిలోని నీరు ఉరికి బయటికి పోతుంది. కటకం వెనక ఉన్న సంచీ పొర మందం మిల్లీమీటరులో వందో వంతైనా ఉండదు. అది ముందుకు ఎగిరి సూదికి తగిలిందా, చిరిగినట్టే!

1967లో కెల్మన్ మొదటిసారి మనిషి కంటి మీద ఈ పద్ధతిని ప్రయోగించాడు. అది ఎలాగూ చూపు పోయి, తీసెయ్యాలని నిర్ణయించిన కన్ను. ముక్కలు చెయ్యడానికే గంటా పదహారు నిమిషాలు పట్టింది. గది మాటిమాటికీ కూలింది. ఆ కన్ను దక్కలేదు. మరొకరైతే అక్కడితో వదిలేసేవారేమో. ఆయన తిరిగి నీటి లెక్కకే వచ్చాడు. ఎంత నీరు రావాలి, ఎంత పోవాలి, అడ్డుపడితే యంత్రం ఏం చెయ్యాలి – ఈ ప్రశ్నలతోనే బాంకోతో కలిసి యంత్రాన్ని దిద్దుకుంటూ పోయాడు. 1971లో వారిద్దరి పేర్ల మీద పేటెంటు వచ్చింది.

పెద్ద డాక్టర్లు చాలామంది ఎదిరించారు. ఇది ప్రమాదకరమన్నారు. ఆ మాటలో కొంత నిజం లేకపోలేదు. చెయ్యి తిరగనివాడి చేతిలో ఇది ప్రమాదమే. అందుకే కెల్మన్ తరగతులు పెట్టి సర్జన్లకు నేర్పాడు. 1980ల్లో మడత పెట్టగలిగే కృత్రిమ కటకాలు వచ్చాక 3 మిల్లీమీటర్ల గాయం విలువ అందరికీ తెలిసొచ్చింది. తరవాతి ఇంజనీర్లు సులువుగా నొక్కుకుపోని గట్టి గొట్టాలు, ఒత్తిడిని కనిపెట్టి పంపును అదుపుచేసే పరికరాలు చేర్చారు. ఈనాటికీ సర్జను అడ్డు తొలగే ఆ క్షణాన్ని కాచుకునే ఉంటాడు. సీసా ఎత్తు పెంచడమో, చూషణ తగ్గించడమో చేస్తాడు. ఇదే అతిధ్వని సూత్రం మెదడులోని కణుతులను తీసే పనిముట్టుకూ దారి చూపింది.

శాక్సఫోన్‌ని మాత్రం ఆయన వదల్లేదు. కార్నెగీ హాల్ వేదిక మీద కూడా వాయించాడు. 1992లో అమెరికా ప్రభుత్వం జాతీయ సాంకేతిక పతకం ఇచ్చింది. 2004 జూన్ 1న కన్నుమూశాడు. ఆ ఏడే లాస్కర్ బహుమానం ఆయనకు మరణానంతరం దక్కింది.

విద్యార్థి మిత్రులారా! మెరుపులాంటి ఆలోచన ఒక మధ్యాహ్నం పంటి డాక్టరు కుర్చీలో కూడా తట్టవచ్చు. దాన్ని మనిషి కంటికి పనికొచ్చేలా చెయ్యడానికి మాత్రం, పావు మిల్లీలీటరు నీటి దగ్గర ఏళ్ళ తరబడి కాపలా కూర్చోవాలి. మొదటి కన్ను పోయిన రోజున కూడా లేచిపోకుండా కూర్చున్నాడు కనుకనే కెల్మన్‌ని ఈనాడు తలుచుకుంటున్నాం.