ఒంటరి వేటగాడు సెలూ

ఫ్రెడరిక్ సెలూ 1871 సెప్టెంబరులో దక్షిణాఫ్రికా రేవులో ఓడ దిగేనాటికి ఆయన వయస్సు 19. నాకంటే ఒక ఏడాది చిన్నవాడన్నమాట! లండన్‌లో కలిగినవాళ్ళ బిడ్డ. డాక్టరు కావాలని ఇంట్లో వాళ్ళ కోరిక. ఈయనకేమో పక్షులు, గుడ్లు, సీతాకోకచిలుకలు, తుపాకీ. జేబులో 400 పౌన్లు పెట్టుకొని ఖండం లోపలికి బయలుదేరాడు.

ఆ ఉత్తర ప్రయాణంలోనే గండం వచ్చింది. గుర్రమెక్కి జిరాఫీలను తరుముతూ తోటివాళ్ళకు దూరమై దారి తప్పాడు. రాత్రుళ్ళు గడ్డకట్టే చలి, కప్పుకోను దుప్పటి లేదు. తెల్లారి లేచి చూస్తే గుర్రమూ లేదు! తిండీ నీళ్ళూ లేక రోజుల తరబడి నడిచి, చివరికి ఆఫ్రికన్ల గుడిసెలు కనబడితే ప్రాణం దక్కించుకున్నాడు.

1872లో మటబెలె రాజు లోబెంగులా దగ్గరకు వెళ్ళి, ఏనుగుల వేటకు అనుమతి అడిగాడు. రాజుగారు నవ్వేశారట. ఇంత కుర్రాడివి, స్టీన్‌బక్‌ల కోసం వచ్చావనుకున్నానన్నాడు. స్టీన్‌బక్ అంటే మన మేకపిల్లంత ఉండే జింక. అయినా అనుమతి ఇచ్చాడు.

ఆ తర్వాత దాదాపు ఇరవయ్యేళ్ళు ఆయన బతుకంతా ఆ అడవుల్లోనే. ఈలండ్, కుడూ, నల్లగా నిగనిగలాడే సేబుల్ వంటి జింకజాతుల నమూనాలను మ్యూజియములకు పంపాడు. చిత్తడినేలల్లో బతికే సిటటుంగాలో ఒక ఉపజాతికి 1898లో ఆయన పేరే పెట్టారు. జువాలజీ చదివేవాళ్ళం ఆ పేరు దగ్గర ఒక్క క్షణం ఆగాలి.

పుస్తకాల్లో మాత్రం ఆయనను ఒంటరి వేటగాడు అంటారు. నాకిది మింగుడుపడదు. ఒంటరి అంటే వెంట మరో తెల్లవాడు లేడని అర్థం, అంతే! ముందు నడిచి అడుగుజాడ పట్టినవాళ్ళు, విరిగిన గడ్డిపరక చూసి మంద ఎప్పుడు పోయిందో చెప్పినవాళ్ళు, నీటిమడుగు చూపినవాళ్ళు, మాంసం మోసినవాళ్ళు అందరూ అక్కడివాళ్ళే. మా ఊరి కందిచేలో కృష్ణజింకలు పడితే మా తాత గట్టు మీది గిట్టల గుర్తు చూసి ఎన్ని వచ్చాయో, ఎటు పోయాయో చెప్పేస్తాడు. (కంగారు పడకండి, తరమడమే తప్ప వేట లేదు, 1972 చట్టం మాకూ తెలుసు.) ఆ విద్య ఒక్క సీజనులో వచ్చేది కాదు. వెంట ఎవరూ లేనప్పుడు సెలూ గతి ఏమైందో పైన చెప్పాను కదా.

ఇక నాకు ఆయన మీద గౌరవం సగం తగ్గించిన సంగతి. ఇరవయ్యేళ్ళు వాళ్ళు చూపగా నేర్చుకున్న దారులను 1890లో ఆయన సెసిల్ రోడ్స్ కంపెనీకి చూపించాడు. మషోనాలాండ్‌ను ఆక్రమించిన పయొనీర్ దళానికి దారి చూపింది సెలూనే. 1893లో మటబెలెల మీద యుద్ధంలోనూ పాల్గొన్నాడు. వేటకు అనుమతి ఇచ్చిన లోబెంగులా రాజ్యం పోగొట్టుకొని, పారిపోతూ 1894లో కన్నుమూశాడు.

మొదటి ప్రపంచయుద్ధం వచ్చేసరికి సెలూకు అరవై దాటాయి. అయినా పట్టుబట్టి సైన్యంలో చేరాడు. 1917 జనవరి 4న, నేటి టాంజానియాలో రుఫిజీ నది ప్రాంతంలోని బెహో బెహో దగ్గర తలకు గుండు తగిలి మరణించాడు. అక్కడే పాతిపెట్టారు. 1922లో ఆ అడవికి ఆయన పేరు పెట్టారు. 2019లో అందులో పెద్ద భాగాన్ని విడదీసి నేషనల్ పార్కు చేసి, టాంజానియా తొలి అధ్యక్షుడు నైరేరే పేరు పెట్టారు. సెలూ సమాధి ఇప్పుడు ఆ పార్కులోనే ఉంది.