అంకెలకందని ఆటగాడు

బేస్‌బాల్ క్రీడలో ప్రతి పరుగును, ప్రతి పొరపాటును అంకెలలో భద్రపరచే ఆచారం అమెరికాలో పందొమ్మిదవ శతాబ్దంలోనే స్థిరపడింది. ఆ పట్టికలను మాత్రమే చదివినవారికి జాకీ రాబిన్సన్ మేటి ఆటగాళ్లలో ఒకడుగా మాత్రమే కనిపిస్తాడు. బేబ్ రూత్ తన క్రీడా జీవితంలో 714 హోమ్ రన్‌లు సాధించగా, బ్రూక్లిన్ డాడ్జర్స్ జట్టు తరఫున పది సీజన్‌లలో రాబిన్సన్ సాధించినవి 137 మాత్రమే. అయినా ఆ పదేళ్లలో ఆ జట్టు ఆరు పర్యాయాలు వరల్డ్ సిరీస్ పోటీకి చేరుకొన్నది. అందుకు కారణమైన గుణాలలో కొన్ని ఏ పట్టికకూ ఎక్కలేదు.

రాబిన్సన్ 1919 జనవరి 31న జార్జియా రాష్ట్రంలోని కైరోలో నిరుపేద రైతు కుటుంబంలో జన్మించాడు. ఐదుగురు సంతానంలో కడపటివాడు. తండ్రి కుటుంబాన్ని విడిచి వెళ్లగా, తల్లి మాలీ పిల్లలతో కాలిఫోర్నియాలోని పాసడీనాకు తరలిపోయి, ఇళ్లలో పనిచేసి వారిని పెంచింది. లాస్ ఏంజిలిస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో రాబిన్సన్ నాలుగు క్రీడలలో ప్రతిభ చూపాడు. వాటిలో బేస్‌బాల్ ఒకటి.

ఆయన స్వభావతః సహనశీలి కాడు. 1944లో సైన్యంలో అధికారిగా ఉన్నప్పుడు, టెక్సాస్‌లో ఒక బస్సులో వెనుక వరుసకు వెళ్లి కూర్చోవలసిందిగా డ్రైవర్ ఆజ్ఞాపించగా నిరాకరించాడు. సైనిక న్యాయస్థానం ఎదుట నిలబడి నిర్దోషిగా బయటపడ్డాడు. ఆనాడు ప్రధాన లీగ్‌లలో నల్లజాతివారికి చోటు లేదు. దానికి వ్రాతపూర్వకమైన నిషేధం కూడా అవసరం లేకపోయింది. యజమానుల మౌన అంగీకారమే చాలింది.

ఆ కట్టుబాటును ఛేదించదలచిన డాడ్జర్స్ అధ్యక్షుడు బ్రాంచ్ రికీ, 1945 ఆగస్టు 28న రాబిన్సన్‌ను పిలిపించాడు. మైదానంలో ఎదురుకాబోయే దూషణలను తానే అభినయించి చూపి, వాటికి బదులు చెప్పకుండా ఉండగలవా అని పరీక్షించాడు. రాబిన్సన్ మాట ఇచ్చాడు. కోపిష్టి అయిన యువకుడు ఇచ్చిన మాట కనుకనే దానికి అంత విలువ.

1947 ఏప్రిల్ 15న ఆయన డాడ్జర్స్ జట్టులో తొలిసారి ఆడాడు. అంతకు ముందే ఆయనతో కలిసి ఆడలేమని కొందరు సహచరులు విజ్ఞాపన పత్రం సిద్ధం చేయబోగా, శిక్షకుడు లియో డ్యురోషర్ దానిని అణచివేశాడు. ఏప్రిల్ 22న ఫిలడెల్ఫియా జట్టు బ్రూక్లిన్‌కు వచ్చింది. ఆ జట్టు మేనేజర్ బెన్ చాప్‌మన్, అతని ఆటగాళ్లు రాబిన్సన్‌ను జాతి పేరుతో అతి నీచంగా దూషించారు. ఆయన పెదవి విప్పలేదు. ఆ ఆటలో నమోదైన ఏకైక పరుగు రాబిన్సన్‌దే. ఫిలడెల్ఫియాతో జరిగిన ఆ పోటీలు ముగియకముందే, ఆయన రాకను మనసారా స్వాగతించని ఎడ్డీ స్టాంకీయే లేచి ప్రత్యర్థులపై విరుచుకుపడ్డాడు. విజ్ఞాపనతో చీలిపోవలసిన జట్టు ఆ దూషణల వలన దగ్గరైంది. ఆ సంవత్సరమే డాడ్జర్స్ తమ లీగ్‌లో ప్రథమ స్థానం పొందింది.

ఆయన మరొక ఆయుధం పరుగు. బేస్‌బాల్‌లో మూడు బేస్‌లను దాటి చివరిదైన హోమ్‌ను చేరితే ఒక పరుగు. సాధారణంగా బ్యాట్స్‌మన్ బంతిని కొట్టేవరకు పరుగెత్తేవాడు వేచి ఉంటాడు. రాబిన్సన్ వేచి ఉండేవాడు కాడు. పిచర్ బంతి విసరబోతుండగా నాలుగడుగులు ముందుకు దూకి, ఆగి, వెనుకకు మళ్లి, మళ్లీ దూకేవాడు. క్రికెట్‌లో నాన్‌స్ట్రైకర్ క్రీజు దాటి కవ్వించడం చూసినవారికి ఆ ఇబ్బంది కొంత తెలుస్తుంది. పిచర్ చూపు చెదిరి బంతి గతి తప్పేది. దానిని సహచరుడు బలంగా కొట్టేవాడు. ఆ షాట్ సహచరుని ఖాతాలో చేరేదే కాని, పిచర్ గుండెలో కలిగిన కలవరం ఎవరి ఖాతాలోనూ చేరేది కాదు.

1955 నాటికి ఆయనకు 36 ఏళ్లు. బ్యాటింగ్ సగటు .256కు పడిపోయింది, ఆయన డాడ్జర్స్ జీవితంలో అదే కనిష్ఠం. అంకెలను నమ్మేవారు ఆయన పని అయిపోయిందనుకోవడంలో ఆశ్చర్యం లేదు. ఆ ఏడాది వరల్డ్ సిరీస్‌లో ప్రత్యర్థి న్యూయార్క్ యాంకీస్. వరల్డ్ సిరీస్‌లో అంతకు ముందు ఐదుసార్లు డాడ్జర్స్‌ను ఓడించిన జట్టు. మొదటి ఆట ఎనిమిదవ ఇన్నింగ్స్‌లో డాడ్జర్స్ 4-6తో వెనుకబడి ఉండగా, మూడవ బేస్ నుండి రాబిన్సన్ అకస్మాత్తుగా హోమ్‌కు పరుగు తీశాడు. బంతి నేరుగా వచ్చేది అక్కడికే కనుక ఆ సాహసం అత్యంత కఠినం. అంపైర్ ఆయన చేరినట్లు ప్రకటించగానే క్యాచర్ యోగి బెర్రా మండిపడ్డాడు. ఆ వివాదం నేటికీ తీరలేదు. ఆ ఆట డాడ్జర్స్ 5-6తో ఓడింది. రెండవదీ ఓడింది. తరువాతి ఐదింటిలో నాలుగు గెలిచి, అక్టోబరు 4న చరిత్రలో తొలిసారి కిరీటం దక్కించుకొన్నది. చివరి ఆటలో రాబిన్సన్ బరిలోకి దిగలేదు. ఆ గెలుపులో ఆయన వాటా ఎంత అన్నది అంకెలు పూర్తిగా చెప్పలేవు.

1956 సీజన్‌తో ఆయన ఆట నుండి వైదొలగాడు. 1962లో హాల్ ఆఫ్ ఫేమ్‌లో స్థానం లభించింది. మధుమేహంతో చూపు మందగించిన దశలో, 1972 అక్టోబరు 15న వరల్డ్ సిరీస్ వేదికపై సన్మానం అందుకొంటూ, జట్టును నడిపే మేనేజర్ స్థానంలో నల్లజాతివాడిని చూడాలని ఉందని అందరి ఎదుట కోరాడు. తొమ్మిది రోజుల తరువాత, అక్టోబరు 24న, 53 ఏళ్ల వయసులో కన్నుమూశాడు. ఆయన కోరిన మేనేజర్ 1975లో క్లీవ్‌లాండ్ జట్టుకు వచ్చాడు. అతని పేరు ఫ్రాంక్ రాబిన్సన్. ఇద్దరి ఇంటిపేరు ఒకటే అయినా బంధుత్వం లేదు.